వెంకవ్వ విడిచిన మొదటి పోగు

"తాళపుచెవి ఏడ పెట్టినవ్?"

వనిత అడగడం ఇది మూడోసారి. సదానందం గడప దగ్గర కూర్చుని చాయ్‌లో పావురొట్టె ముంచుకుని తింటున్నాడు. తల ఎత్తలేదు.

గోడకు మేకు మేకులాగే ఉంది. దానికి నిన్న తగిలించిన తాళపుచెవే లేదు. ఎర్రదారం కట్టిన ఇత్తడి తాళపుచెవి. భివండి నాగావ్‌లో సిద్ధిరాములు సేటు షెడ్డుది. నాలుగు మగ్గాలున్న ఆ షెడ్డును ఈ రోజు సాయంత్రం నాలుగింటిదాకా నమ్మి వనిత చేతికిచ్చాడాయన. ఆలోపు ఒక్క మగ్గం మీదనన్నా మచ్చలేని బట్ట దిగాలి. దిగిందా, షెడ్డు వనితతో కలిపి ఆరుగురు ఆడవాళ్లది. దిగలేదా, అంజూర్ ఫాటా నుంచి భంగార్ టెంపో వచ్చి నాలుగు మగ్గాలనూ పాత ఇనుము కింద ఎత్తుకుపోతుంది.

"నిన్నే అడుగుతున్న."

"నాకేం ఎరుక. నేను ముట్టలే."

"ముట్టకుంటె గోడ మింగిందా?"

"మింగితే మంచిదే. పీడ పోయింది."

వనిత బియ్యం డబ్బా దించి చేయి పెట్టి కలిపి చూసింది. దేవుని పటం వెనక చూసింది. సాక్షి బడిసంచి బోర్లించింది. రంగు పెన్సిళ్లు, సగం కొరికిన బిస్కెట్టు, ఒక చాక్‌పీసు ముక్క రాలాయి.

"అమ్మా, ఆజ్ సుట్టీ ఆహే. బడి లేదు గదా, సంచి ఎందుకు తీస్తున్నవ్?" అంది చాపమీద కూర్చున్న సాక్షి, కండ్లు నలుపుకుంటూ.

వనిత పిల్ల నుదురు ముట్టి చూసింది. చల్లగానే ఉంది. అయినా ఇంకోసారి ముట్టి చూసింది. ఈ పిల్లకు జ్వరం రావాలంటే ఇట్లాంటి రోజే వస్తుందని ఆమె భయం.

"భూపతి ఏమన్నడో నీకు తెల్వదా?" అన్నాడు సదానందం గ్లాసు కింద పెట్టి. భూపతి అతను పనిచేసే కారఖానా ముకద్దం, పనివాళ్లను పెట్టేదీ తీసేదీ అతనే.

"తెల్సు. నువ్వు ఎన్నిసార్లు చెప్పినవో గూడ తెల్సు."

"నీ పెండ్లాం మగ్గం పట్టుకుంటె నువ్వు నా కారఖానాల అడుగుపెట్టకు అన్నడు. అందరి ముందట. ఒక్కడు నోరు మెదపలే. పైకెల్లి నవ్విన్రు. ఇంగ సదానందం బోళ్లు తోముతడు, బట్టలు పిండుతడు అని."

"తోమితె చేతులు అరుగుతయా?"

"నవ్వులాటనా నీకు?"

"నవ్వులాటైతే నీ కన్న ముందు నేనే నవ్వుదును." వనిత బడిసంచిలో వస్తువులు ఒక్కొక్కటే తిరిగి పెట్టింది. "ఒక్క మాట చెప్పు. మగ్గం పని నాకు ఎవరు నేర్పిన్రు?"

సదానందం ఖాళీ గ్లాసును గడప పక్కకు జరిపాడు.

జవాబు చెప్పడానికి ఏముంది? రెండేండ్ల పాటు మధ్యాహ్నం డబ్బా తీసుకుని కారఖానాకు పోయింది వనితే. అతను మూలన కూర్చుని అన్నం తినే అరగంట అతని మగ్గాలు ఆగకుండా చూసింది వనితే. 'గా పోగు తెగింది చూడు, ఎడమచేత్తోని పట్టు, కుడిచేత్తోని కన్నులకెల్లి తియ్యి' అని ముద్ద నోట్లో పెట్టుకుంటూ చెప్పింది అతనే. అప్పుడు ఏ ముకద్దానికీ తప్పనిపించలేదు. ఎందుకంటే అప్పుడు అది సదానందం మగ్గం. వనిత ఊరకే డబ్బా తెచ్చిన ఆడమనిషి.

"అరగంట నడిపితె మర్యాద, దినమంత నడిపితె అమర్యాద. గదేనా?"

"నన్నెందుకు అడుగుతున్నవ్, నేను పెట్టిన్నా ఈ రివాజు?" సదానందం లేచి చొక్కా వేసుకున్నాడు. గొంతు తగ్గింది. "వనితా, పడుగు అతికేటోళ్లు ఎవ్వరు రారు. భూపతి అందరికి చెప్పి పెట్టిండు. కొత్త పడుగును పాత కొసలకు అతకనిదే మగ్గం ఎట్ల నడుస్తది? నీకు ఆ తాళపుచెవి దొరికితె ఏంది, దొరక్కపోతె ఏంది? సేటుకు ముఖం మీద చెప్పు, మాతోని కాలేదని. నలుగురిట్ల పరువు దక్కుతది."

ఆ మాట నిజమే. అందుకే వనితకు ఎక్కువ మండింది.

అతను ఆమె కట్టిన డబ్బా పట్టుకుని పోయాడు. వాళ్లుండే ఒంటిగదుల చాలి మెట్లు దిగుతున్న చెప్పుల చప్పుడు వినిపించినంత సేపూ ఆమె మేకు వైపే చూస్తూ నిలబడింది.

అప్పుడు తట్టింది. పొద్దున్నుంచి అత్త కనబడలేదు.

వెంకవ్వ పక్కబట్టలు మడతపెట్టి ఉన్నాయి. చెప్పులు లేవు. మూడు రోజులుగా ఆమె కోడలితో మాట్లాడడం లేదు. షెడ్డు మాట ఇంట్లో ఎత్తినప్పుడు "మన ఇంట్ల ఆడోళ్లు పడుగు అతికిన్రు, కండెలు చుట్టిన్రు, మగ్గం ఎక్కలే" అని ఒక్క మాట అని ముఖం గోడకు తిప్పుకుంది. అప్పటినుంచి కంచంలో పెట్టింది తినడం, లేవడం, అంతే.

'అత్తే తీసింది,' అనుకుంది వనిత. 'కొడుకు చెప్పిండో, తనంతల తానే తీసిందో. ఏ నాలాలనో పారేసింది.'

కండ్లలో నీళ్లు తిరిగాయి. తుడుచుకుని సాక్షికి పాలు తాగించింది. పిల్లను ఇంట్లో వదిలిపోవడానికి ఎవరూ లేరు. చేయి పట్టుకుని బయలుదేరింది. తాళం పగలగొట్టాలంటే పగలగొట్టాలి. సేటుకు కాలేదని చెప్పాలంటే చెప్పాలి. ఏదైనా అక్కడికి పోయే చెప్పాలి.

శాంతి నగర్ గల్లీల్లో అప్పటికే ప్రతి గోడ వెనకా మగ్గాలు మోగుతున్నాయి. పక్కన నడిచేవాళ్లు ఏమంటున్నారో వినబడదు. పుట్టిన కొత్తలో ఆ చప్పుడుకు సాక్షి ఉలిక్కిపడి ఏడిచేది. ఇప్పుడు ఆ చప్పుడు ఆగితేనే లేస్తుంది.

దారిపొడుగునా వనిత లోపల్లోపల మాటలు కూర్చుకుంది. 'సేటూ, మేము ఆరుగురం. ఊర్లల్ల కూలి దొరక్క మగవాళ్ల వెంబడి వచ్చినం. వచ్చినకాడికెల్లి కండెలే చుడుతున్నం. షటిల్‌ల పెట్టే కండె మాది, బట్ట మాత్రం ఇంకొకరిది. ఇన్నేండ్లు చుట్టినా ఇంట్ల ఉప్పు అయిపోతె పప్పు ఆగుతది. ఒక్క వారం టైమియ్యి.' ఎట్లా కూర్చుకున్నా చివరికి అది బతిమాలినట్టే ఉంది.

షెడ్డు సందు మొగదల శోభ నిలబడి ఉంది. ఆరుగురిలో చిన్నది, నోరు పెద్దది. ఇప్పుడు మాత్రం గుసగుసగా మాట్లాడింది.

"అక్కా, షెడ్డు తెరిచే ఉన్నది. లోపల ఎవరో ఉన్నరు. నేను పోలే."

"భూషణ్ గాని వచ్చిండా?" భూషణ్ సేటు కొడుకు. మగ్గాలు అమ్మేద్దామని పట్టుబట్టింది అతనే.

"భూషణ్ అయితే బండి ఉండాలె గదా. బండి లేదు. గజ్జెలు లేని దయ్యం లెక్క సప్పుడు లేకుంట ఉన్నరు లోపల."

వనిత సాక్షిని చంకనెత్తుకుని తలుపు తోసింది.

వెనకవైపు కిటికీ పక్కనున్న రెండో మగ్గం దగ్గర, బోర్లించిన నూనె డబ్బా మీద వెంకవ్వ కూర్చుని ఉంది. పక్కన సత్తుగిన్నెలో బూడిద. పాత పడుగు కొసలు మగ్గానికి వేలాడుతున్నాయి, కొత్త పడుగు కొసలు వెనకనుంచి వస్తున్నాయి. ఆమె అటునుంచి ఒకటి, ఇటునుంచి ఒకటి పట్టుకుని, బూడిద అంటిన బొటనవేలితో ఒక్క తిప్పు తిప్పి వదులుతోంది. ముడి లేదు. చూపు లేదు. వేళ్లే నడుస్తున్నాయి. అప్పటికి జానెడు పైన అతుకుపడి ఉంది.

ఎర్రదారం తాళపుచెవి ఆమె మెడలో వేలాడుతోంది.

వనిత సాక్షిని కిందికి దించి మగ్గం దాకా పోయింది.

"ఎప్పుడొచ్చినవ్ అత్తా?"

"కోడి కూసినప్పుడు అందామంటె ఈ ఊర్ల కోళ్లన్ని దుకాండ్ల తలకిందికి వేలాడుతున్నయ్. నల్లా వచ్చే యాల్లకు వచ్చిన." చేతులు ఆగలేదు. "పిల్లకు పాలు తాపినవా?"

"తాపిన. చెప్పి రావద్దా? ఇల్లంత బోర్లేసిన."

"చెప్తె వాడు వద్దంటడు. నువ్వు ఏడుస్తవ్. నా పని ఆగుతది."

"మూడు దినాలు నాతోని మాట్లాడకపోతివి."

"మాట్లాడితె కొట్లాడుదుము. కొట్లాడితె నాకు ఇటు రాబుద్ధి అయితుండెనా?" వెంకవ్వ అప్పుడు తలెత్తింది. "కూసో. చూస్త నిలబడితె అతుకదు."

శోభ వెళ్లి మిగతా నలుగురినీ పిలుచుకొచ్చింది. అందరికన్నా పెద్దది సమ్మవ్వ. ఆమె వెంకవ్వ చేతులు చూసి నడుం మీద చేయి పెట్టుకుంది.

"ఇంత విద్య పెట్టుకుని పదకొండేండ్ల నుంచి ఇంట్ల వంటలు చేసుకుంట, మనుమరాలికి జడలేసుకుంట కూసున్నవా వెంకక్కా? ఎవరన్న అడిగితె కదా చెప్తవు."

"ఎవ్వరు అడుగలే. ఈడ మగోళ్లు అతుకుతరని విన్న. ఇంగ నాకేం పని అనుకున్న."

వనిత మగ్గానికి అవతలి అంచున కూర్చుంది. అప్పుడు చూసింది. వెంకవ్వ మొదలుపెట్టిన వైపు, అన్నిటికన్నా చివరన, అంచు పోగు ఒకటి అతకకుండా విడిగా వేలాడుతోంది.

"అత్తా, ఈడ ఒకటి మర్చిపోయినవ్."

"మర్చిపోలే. అది మొదటి పోగు. అది నువ్వు అతుకు."

"నేనా?"

"మగడు పోయిన ఆడది కొత్త పడుగుకు మొదటి పోగు అతకొద్దు. ఊర్ల మా అత్త చెప్పేది. నీ మామ పోయినంక నేను పడుగే ముట్టలే." వెంకవ్వ ఇంకో పోగు తిప్పి వదిలింది. "నడిమిట్లయి నేను చేస్త. గది మాత్రం నీది."

వనిత ఆ పోగును అట్లాగే వదిలేసి తన అంచునుంచి మొదలుపెట్టింది. మూడు వేల పైచిలుకు పోగులు. ఒక్కతే చేస్తే చీకటి పడుతుంది. రెండు అంచులనుంచి నడుమకు వస్తేనే నాలుగింటికి అందుతుంది.

"రెండు దిక్కులకెల్లి మేమెన్నడు అతుకలే," అంది వెంకవ్వ. "నడిమిట్ల లెక్క తప్పుతది."

"తప్పకుంట చూసుకుంటనత్తా."

మొదట్లో వనిత వేళ్లు వినలేదు. తిప్పిన పోగు విడిపోయేది. "ఒత్తకు. పిల్ల చెవి మెలేసినట్టు చెయ్యి, గట్టిగ గాదు, వదులుగ గాదు," అని వెంకవ్వ అటునుంచే చెప్పింది. మధ్యాహ్నానికి చేయి పడింది. శోభ బూడిద అందిస్తోంది. సమ్మవ్వ, మిగతా ముగ్గురూ సేటుకు చూపడానికి చాలినన్ని నాలుగు కండెలు చుట్టిపెట్టి, మగ్గాల దుమ్ము తుడుస్తున్నారు, నూనె పెడుతున్నారు. సాక్షిని మోటారుకు దూరంగా తలుపు పక్క గోనెసంచి మీద కూర్చోబెట్టి చాక్‌పీసు ఇచ్చారు. వనిత ప్రతి పది పోగులకూ ఒకసారి అటు చూస్తూనే ఉంది.

మూడు దాటింది. రెండు అతుకులూ దగ్గరకొస్తున్నాయి.

అప్పుడే సాక్షి కెవ్వుమంది.

వనిత చేతిలో పోగు చేతిలోనే తెగింది. తల అటు తిరిగింది. ఏమీ లేదు. పిల్లకు గోనెసంచి పురికొస కాలికి గుచ్చుకుంది. సమ్మవ్వ ఎత్తుకుని ఊదుతోంది. "ఏం కాలేదే, నువ్వు చూడకు, పని చెయ్యి." వనిత మళ్లీ మగ్గం వైపు తిరిగింది. చెవులు ఇంకా తలుపు వైపే ఉన్నాయి. చేతులు మాత్రం వాటంతట అవే ముందుకు పోయాయి.

మరో పావుగంటకు అత్త వేళ్లూ కోడలి వేళ్లూ నడిమిట్ల కలిశాయి.

వెంకవ్వ చివరి పోగు తిప్పి వదిలింది. ఆగింది. వెనకనుంచి వచ్చిన కొత్త పోగు ఒకటి ఆమె వేలికి చుట్టుకుని ఉంది. దానికి జతకావలసిన పాత పోగు లేదు.

నూనె పెడుతున్నవాళ్లు చేతులు తుడుచుకుంటూ దగ్గరకొచ్చారు. బయట పక్క కారఖానా చప్పుడు ఒక్కటే.

"ఒక్కటే గదా వెంకక్కా, తెంపెయ్," అంది శోభ చిన్నగా.

"తెంపితె పోయేదేంది? పాత పోగు పోయిన కాడ, పోగులు దూరే రాచుల కన్ను ఖాళీగ ఉన్నది. బట్ట పొడుగూత గీత పడుతది. సేటు దూరంకెల్లే పట్టుకుంటడు." వెంకవ్వ రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుంది. పొద్దున్నుంచి ఆ చేతులు ఆగడం అదే మొదలు. "నేను ముట్టకుండ ఉండాల్సింది. నా చెయ్యి పడ్డందుకే ఇట్లయింది. నాకు తెల్సు, తెల్సి గూడ వచ్చిన."

వనిత అత్త ముఖం చూసింది. ఆ ముఖంలో పొద్దున ఉన్న మనిషి లేదు. వెంటనే తన చీర కుచ్చిళ్ల మీదికి చూపు పోయింది. అక్కడ, మోకాలి దగ్గర, జానెడు పాత పోగు అంటుకుని ఉంది.

అది ఎట్లా వచ్చిందో ఆమెకు అప్పుడు తెలిసింది. కండె చుట్టేటప్పుడు దారం తెగితే ఆ ముక్కను చించి పక్కకు విసిరి కొత్త కొస పట్టుకుంటారు. పదేండ్లుగా చేయికి అదే అలవాటు. సాక్షి అరిచినప్పుడు తెగిన పోగును ఆమె చేయి రాచులోంచి లాగి పక్కకు విసిరేసింది. పక్క పోగును పట్టుకుని ముందుకు పోయింది.

ఊరుకుంటే ఎవరికీ తెలియదు. అత్త తన చేతిదే తప్పనుకుంటుంది, అంతే.

"నీ చెయ్యి గాదత్తా. నాది." వనిత ఆ పోగును తీసి అరచేతిలో పెట్టి చూపింది. "తెగితె పారేసిన. కండె అనుకున్న."

వెంకవ్వ ఆ పోగును చూసింది. వనిత చీవాట్లకు సిద్ధంగా తల దించుకుంది.

"ఎప్పుడు పారేసినవ్?"

"సాక్షి ఏడ్చినప్పుడు."

"గట్లయితె ఇటే ఉన్నది, దూరం పోలే." వెంకవ్వ అప్పటికే ముందుకు వంగింది. గొంతులోకి ప్రాణం వచ్చింది. "కండె దారానికి జాగ లేదు బిడ్డా, ఏడనైన తెంపుతం, ఏడనైన పట్టుకుంటం. పడుగుల ప్రతి పోగుకు దాని ఇల్లు దానికున్నది. ఇల్లు ఖాళీ చేస్తె పక్కోళ్లందరు ఒక్కొక్క ఇల్లు జరుగుతరు." ఆమె చిటికెనవేలి గోరు రాచు కళ్ల మీద వరసగా జరిగింది. రెండు వేళ్ల వెడల్పు. నాలుగు వేళ్లు. గోరు ఆగింది.

"ఇగో."

ఆ ఖాళీ కన్నునుంచి నడుమదాకా వనిత అతికినవి నూరు పోగుల పైనే. అన్నీ విప్పి ఒక్కొక్కటి ఒక్కో ఇల్లు వెనక్కి జరగాలి. మూడు ముప్పావు కావస్తోంది.

వెంకవ్వ విప్పుతూ పోయింది. వనిత ఖాళీ కన్నులో కొత్తకొస దూర్చి అతికి, వెనకనే అతుకుతూ వచ్చింది. ఇద్దరి చేతులూ ఒకదాని కింద ఒకటి. మోచేతులు తగులుతున్నాయి. ఎవరూ సర్దుకోలేదు. శోభ బూడిద గిన్నె ఇద్దరి నడుమ పట్టుకుని ఊపిరి బిగపట్టి నిలబడింది. "ముక్కుల బూడిద పోయింది, తుమ్మొస్తుంది," అంది. "తుమ్మినవంటె ఊరికి పంపుత," అంది వెంకవ్వ. శోభ ముక్కు పట్టుకుంది.

బయట టెంపో హారన్ మోగేసరికి నడిమిట్ల పోగు మిగలలేదు.

ఒక్కటే మిగిలింది. అంచు మీద, పొద్దున్నుంచి వేలాడుతున్న మొదటి పోగు.

"జల్ది అతుకు వనితా," అంది వెంకవ్వ జరిగి చోటిస్తూ.

వనిత చేతులు వెనక్కి పెట్టుకుంది. "నేను అతుక. పొద్దుగాలికెల్లి ఈ పడుగు నిలబెట్టింది నువ్వు. పోగు పారేసినదాన్ని నేను. ఎవరి చెయ్యి మంచిదో నువ్వే చెప్పు."

"పిచ్చిదానివా? టెంపో వచ్చింది."

"వచ్చింది. నువ్వు అతుకకుంటె మగ్గాలు ఎక్కిచ్చుకుని పోతది."

"వెంకక్కా," అంది సమ్మవ్వ, సాక్షిని చంకనేసుకుని, "నాకు గూడ మగడు లేడు. నేను చుట్టిన కండెలతోని ఈ ఊర్ల ఎంత బట్ట నేసిన్రో లెక్కలేదు. ఒక్క చీరన్న మంటల పడిందా? మగ్గానికేం ఎరుక, ఎవరి మెడల ఏమున్నదో. అతుకు."

వెంకవ్వ మెడలో ఉన్న ఎర్రదారాన్ని, తాళపుచెవిని ఒకసారి తడుముకుంది. తర్వాత బొటనవేలిని బూడిదలో అద్దింది. ఈసారి ఆమె చూసి పట్టుకుంది. పాత కొస, కొత్త కొస. ఒక్క తిప్పు. వదలబోయి, వదలక, ఇంకో క్షణం పట్టుకుంది.

"నడిపియ్," అంది.

వనిత స్విచ్ వేసి మగ్గం పిడి లాగింది.

షటిల్ అటునుంచి ఇటు కొట్టింది. ఇటునుంచి అటు. రెండు నెలలుగా పడుకున్న మగ్గం ఒళ్లంతా ఊగి, ఒకసారి మూలిగి, దారిన పడింది. ఖట్ ఖట్ ఖట్ ఖట్. అతుకు వరస కొంచెం కొంచెంగా ముందుకు జరిగి, రాచు దాటింది. దువ్వెన పండ్లలాంటి ఫణి దాటింది. ఒక్క పోగు తెగలేదు. సాక్షి ఏడుపు మరిచి చప్పట్లు కొట్టింది. శోభ అప్పటిదాకా ఆపుకున్న తుమ్ము తుమ్మింది, ఎవరూ తిట్టలేదు.

తలుపులో సిద్ధిరాములు సేటు నిలబడి ఉన్నాడు. పక్కన భూషణ్, వెనక తాళ్లు పట్టుకున్న ఇద్దరు హమాలీలు.

"బాబా, లేట్ హో రహా హై. టెంపోవాలా గాడీ బంద్ కర్నే కో తయ్యార్ నై," అన్నాడు భూషణ్, ఆలస్యమవుతోందని, టెంపోవాడు బండి ఆపనంటున్నాడని తొందరపెడుతూ.

సేటు చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. మగ్గం పక్కన మోచేయి ఆనించి నిలబడ్డాడు. బట్ట నాలుగు వేళ్లు దిగింది. జానెడు దిగింది. మూర దిగింది. ఆయన మగ్గం ఆపించి, తలుపు వెలుతురుకు వంగి చూశాడు. వేలితో ఈ అంచు నుంచి ఆ అంచుదాకా అతుకు పడ్డ చోటును నిమిరాడు. నిమిరినచోటే మళ్లీ నిమిరాడు.

"గడ్డ తగుల్తలేదు," అన్నాడు. "ముడి యాడ?"

"ముడి లేదు సేటూ. తిప్పుడే," అంది వెంకవ్వ కొంగు తల మీదికి లాక్కుంటూ.

"మా అవ్వ గిట్లనే అతికేది." ఆయన ఇంకా బట్టనే చూస్తున్నాడు. "నేను నాగావ్‌ల ముప్పై ఐదేండ్లు మగ్గాలు నడిపిన. ఇసొంటి అతుకు మళ్ల చూడలే."

"బాబా," అన్నాడు భూషణ్.

"విన్న. భంగార్‌వాలాకు చెప్పు, మగ్గం నడుస్తుండంగ ఇనుము అని ఎవ్వడనడు." సేటు వెంకవ్వ మెడలో తాళపుచెవి చూసి నవ్వాడు. "అది నాకియ్యకు. మీ కాడ్నే ఉండనియ్."

టెంపో వెనక్కి తిరగలేక సందులో చాలాసేపు హారన్ కొట్టింది. ఆరుగురు ఆడవాళ్లూ గడప మీద నిలబడి దాన్ని సాగనంపారు. "ఎడమకు కొట్టు, ఇంకొంచెం, గోడ చూస్కో," అని శోభ డ్రైవరుకు దారి కూడా చెప్పింది. సమ్మవ్వ నవ్వి నవ్వి గడపమీదే కూలబడింది. వనిత సాక్షిని ఎత్తుకుని మెడలో ముఖం దాచుకుంది. పిల్ల మెడంతా బూడిదైంది.

మగ్గం మళ్లీ నడిచింది. మిగతా మూడింటికి కూడా రేపటినుంచి పడుగు అతకాలి. వెంకవ్వ అప్పుడే శోభ వేళ్లు పట్టుకుని చూస్తోంది. "గోర్లు తీసెయ్. పోగు తెగుతది."

"గోర్లపాలిష్ నిన్ననే పెట్టుకున్న వెంకక్కా."

"పాలిష్ ఉండనియ్. గోర్లు తీసెయ్."

వనిత మగ్గం మీద చూపు పెట్టి నిలబడింది. అందుకే తలుపు దగ్గర వెలుతురు తగ్గడం ఆలస్యంగా గమనించింది.

సదానందం. చేతిలో డబ్బా. పొద్దున ఆమె కట్టిచ్చిన డబ్బా, తెరవలేదు. కారఖానా వదలడానికి ఇంకా మూడు గంటలుంది.

నవ్వులు ఆగాయి. మగ్గం మాత్రం ఆగలేదు.

"భూపతి నా పేరు కొట్టేసిండు," అన్నాడు. కోపం లేదు, ఏడుపు లేదు. "నేను రెండు దినాల నుంచి నీకు చెప్తనే ఉన్న."

అతను మగ్గం వైపు చూశాడు. దిగుతున్న బట్ట మీద చూపు ఆగింది. బట్ట మీదినుంచి తల్లి మీదికి, తల్లి బొటనవేలికి అంటిన బూడిద మీదికి పోయింది.

"అవ్వా, నువ్వా?"

"నేనే. నీకు ఆకలైతున్నదా?" అంది వెంకవ్వ.

అతను చెప్పులు విడిచాడు. మూడో మగ్గం దగ్గరకు పోయి పిడి మీద చేయి వేసి చూశాడు, పదేండ్ల అలవాటుతో. "ఇది ఎవరు నడుపుతరు?"

"అక్కా, మనం అనుకున్నం గదా, మగ్గాలు ఆరుగురమే నడుపుకోవాలెనని," అంది శోభ. అడగలేదు. గుర్తుచేసింది.

అందరూ వనిత వైపు తిరిగారు. సమ్మవ్వ, వెంకవ్వ, చివరికి సాక్షి కూడా. పిల్ల "బాపూ" అని దిగబోతే వనిత చేయి వదలలేదు.

పొద్దున ఈ మనిషితో కొట్లాడింది. ఈ మనిషే ముద్ద నోట్లో పెట్టుకుంటూ పోగు పట్టడం నేర్పాడు. తనవల్లే ఈ మనిషి పని పోయింది. మూడూ నిజమే. ఒకదాన్ని ఒకటి కొట్టేయడం లేదు.

ఆమె సాక్షిని సమ్మవ్వ చేతికిచ్చి, వంగి ఖాళీ కండెల బుట్ట ఎత్తింది. నాలుగడుగులు వేసి అతని కాళ్ల దగ్గర పెట్టింది.

"మగ్గాలకు మనుషులున్నరు. కండెలకే లేరు."

శోభ కొంగు నోట్లో కుక్కుకుంది. సదానందం బుట్టను చూశాడు. భివండిలో అడుగుపెట్టింది మొదలు అతను ఏనాడూ కండె చుట్టలేదు. అది ఆడవాళ్ల పని. సందు మొగదల ఎవరో ఇద్దరు కారఖానా మనుషులు ఆగి, లోపలికి తొంగి చూస్తున్నారు.

వనిత వెనక్కి తిరిగి మగ్గం దగ్గర తన చోట నిలబడింది. కండెలోని దారం సన్నబడి కింది కర్ర కనబడుతోంది. ఇంకో ఇరవై సార్లు షటిల్ తిరిగితే అది ఖాళీ అవుతుంది. ముందు చుట్టిన నాలుగూ అయిపోయాయి, బుట్టలో నిండు కండె ఒక్కటీ లేదు. ఖాళీ అయితే మగ్గం తనంతట తానే ఆగిపోతుంది.

ఆమె వెనక్కి చూడలేదు. వెనక బుట్ట కదిలిన చప్పుడైంది. తీసిన చప్పుడో, కాలితో జరిపిన చప్పుడో మగ్గం మోతలో తేలలేదు.